ఎండకు ఒళ్లు అలవాటు పడుతుంది.. చలికి పడదు

* ఉమ్మడి ఆదిలాబాద్‌లో రెండు కాలాలూ పరీక్షే
* ఆరుబయట శ్రమించే వారు తెలుసుకోవలసిన సంగతులు

ఆదిలాబాద్: వైశాఖంలో 45 డిగ్రీలు దాటే ఎండ, పుష్యంలో 5 డిగ్రీలకు దిగే చలి.. ఈ రెండూ ఒకే ఊరిలో, ఒకే మనిషి వీపు మీద పడే ప్రాంతం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాను ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విభజించారు గానీ వాతావరణానికి సరిహద్దులు గీయడం ఎవరి తరమూ కాలేదు. వేసవిలో తునికాకు కోసే చేతులే శీతకాలపు మంచులో పత్తి ఏరుతాయి. చెరువుల్లో పూడిక తీసే కూలీలు, ఉపరితల గనుల కార్మికులు, పశువుల కాపరులు, తెల్లవారకముందే పాల క్యాన్లతో బయలుదేరే వారు, కానిస్టేబుల్ కొలువు కోసం మైదానంలో పరుగు తీసే యువకులు.. వీరెవ్వరికీ ‘ఇంట్లోనే ఉండండి’ అన్న హెచ్చరిక అక్కరకు రాదు. బయటకు వచ్చి తీరవలసిన వారికి కావలసిన సమాచారం వేరు.

ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. 2003 వేసవిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా మరణించారు. 2015 మే నెలలోనూ రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి మృతుల సంఖ్య వెయ్యి దాటింది. మృతుల్లో వృద్ధులతో పాటు కూలి పనులకు వెళ్లిన వారు ఎందరో ఉన్నారు.

ఈ నేలకే ఎందుకీ తీవ్రత?

సముద్రం దూరం కావడం మొదటి కారణం. కోస్తాలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి వీచి ఎండను కొంత అదుపు చేస్తుంది. ఆదిలాబాద్‌కు ఆ భాగ్యం లేదు. వేసవిలో విదర్భ వైపు నుంచి వచ్చే పొడి వడగాలులే దిక్కు. శీతకాలంలో అదే ఉత్తర దిక్కు నుంచి చల్లని పొడి గాలి దిగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి, మేఘాల దుప్పటి లేనందువల్ల పగలు నేల దాచుకున్న వేడి అంతా పైకి వెళ్లిపోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి గుట్టల మధ్య లోయల్లోకి జారి నిలుస్తుంది. తిర్యాణి మండలం గిన్నెదరి, భీంపూర్ మండలం అర్లి (టి) వంటి పేర్లు ఏటా చలి వార్తల్లో కనిపించేది ఇందుకే.

మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాలులుగా ప్రకటిస్తుంది. 45 డిగ్రీలు చేరితే సాధారణంతో పని లేకుండానే వడగాలులుగా, 47 చేరితే తీవ్ర వడగాలులుగా పరిగణిస్తారు. కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు పడిపోతే శీతగాలులు. 4 డిగ్రీలకు దిగితే మరే లెక్కా అక్కరలేదు.

అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ అంకెలన్నీ నీడలో, గాలి ఆడే చోట, నేలకు నాలుగడుగుల పైన కొలిచినవి. నల్లరేగడి చేలో ఎండలో వంగి పని చేసే మనిషికి తగిలే వేడి అంతకంటే ఎక్కువ. పత్రికలో 43 అని చదివి ‘ఫరవాలేదు’ అనుకోవడానికి వీలు లేదు.

చెమటే చల్లదనం

మనిషి శరీరం లోపల 37 డిగ్రీల దగ్గర ఉండాలి. పని చేస్తున్న కండరాలు తామే వేడిని పుట్టిస్తాయి. చర్మం దాదాపు 35 డిగ్రీల వద్ద ఉంటుంది గనుక బయట గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకు ఆ వేడి గాలిలోకి పోతుంది. గాలి 40 డిగ్రీలకు చేరితే దారి తిరగబడుతుంది. గాలే శరీరానికి వేడిని ఇస్తుంది. అప్పుడు మిగిలే ఒకే మార్గం చెమట. ఒక లీటరు చెమట ఒంటి మీదే ఆవిరైతే దాదాపు 580 కిలో క్యాలరీల వేడిని తీసుకుపోతుంది. ‘ఆవిరైతే’ అన్నదే ఇక్కడ కీలకం. కారి నేల మీద పడిన చెమట వల్ల ప్రయోజనం శూన్యం.

అందుకే కోస్తాలో 38 డిగ్రీలు చూపిన రోజు కూడా ఆదిలాబాద్ 43 కంటే భరించరానిదిగా అనిపించవచ్చు. అక్కడి గాలిలో తేమ చెమటను ఆరనివ్వదు. ఇక్కడి నుంచి విజయవాడ, మచిలీపట్నం వైపు పనులకు వెళ్లే వారు ‘మేము ఇంతకంటే ఎండ చూశాం’ అనుకోవడం ప్రమాదకరం. ఆదిలాబాద్ ఎండకు మరో మోసం ఉన్నది. పొడి గాలిలో చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది. చొక్కా తడవదు గనుక నీరు పోతున్నదన్న సంగతే తెలియదు. కష్టమైన పనిలో గంటకు లీటరు వరకు చెమట పోవడం సాధారణం.

మొదటి వారమే గండం

ఎండలో కొద్ది రోజులు పని చేస్తే శరీరం తనను తాను మార్చుకుంటుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది, అందులో పోయే ఉప్పు మాత్రం తగ్గుతుంది. ఈ మార్పు పూర్తి కావడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. రెండు మూడు వారాలు ఎండకు దూరమైతే సంపాదించుకున్న ఓర్పు మళ్లీ పోతుంది.

ఆరుబయట పనిలో ఎండ వల్ల సంభవించే మరణాల్లో సగానికి పైగా మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతున్నాయని అమెరికా వృత్తి భద్రతా సంస్థ లెక్క. దేశం వేరైనా దేహం ఒకటే. మన దగ్గర ఎవరికి ఈ ముప్పు? జ్వరం నుంచి లేచి నేరుగా పనికి వచ్చిన వారికి, పెళ్లిళ్ల కోసం పది పదిహేను రోజులు సెలవు పెట్టి తిరిగి వచ్చిన వారికి, హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికి వచ్చి తల్లిదండ్రులతో పాటు పలుగు పట్టిన డిగ్రీ విద్యార్థికి. మార్చి చివర ఒక్కసారిగా ఎండ ముదిరిన వారంలో అందరికీ.

నిపుణులు చెప్పే పద్ధతి సులువైనదే. కొత్తగా ఎండ పనిలోకి వచ్చిన వారు తొలి రోజు మామూలు పనిలో అయిదో వంతు మాత్రమే ఎండలో చేయాలి. ఆ తర్వాత రోజుకు మరో అయిదో వంతు చొప్పున పెంచుకోవాలి. పాతవారు విరామం తర్వాత వస్తే తొలి రోజు సగం, రెండో రోజు 60 శాతం, మూడో రోజు 80 శాతం, నాలుగో రోజు పూర్తి పని. కొత్త కోడెను ఏ రైతూ తొలి రోజే పొద్దంతా అరకకు కట్టడు. మనిషి విషయంలో మాత్రం ఆ వివేకం కనిపించదు. కొలతల ప్రకారం కూలి లెక్కించే చోట తొలి రోజే పూర్తి గుంత తవ్వకపోతే కూలి తెగుతుంది. వేసవి నెలల్లో వేసవి భత్యం పేరిట కొలతల్లో సడలింపు ఇచ్చిన సంవత్సరాలు ఉన్నాయి. ఆ సడలింపు దయతో ఇచ్చినది కాదు, శరీర ధర్మాన్ని బట్టి ఇచ్చినదని మేస్త్రీలు గ్రహించాలి.

నీటి లెక్క

దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే పావు లీటరు చొప్పున తాగాలి. ఈ లెక్కన గంటకు ముప్పావు లీటరు. ఉదయం 6 నుంచి 11 గంటల వరకు పని చేసే మనిషికి దాదాపు 4 లీటర్లు కావాలి. కూలీలు ఇంటి నుంచి తెచ్చుకునే లీటరు సీసా ఏ మూలకు? యాభై మంది ఉన్న చోట దాదాపు 200 లీటర్లు, అంటే ఒక పెద్ద డ్రమ్ము నీరు ఉండాలి. పని ప్రదేశంలో తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె కల్పించాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. చాలా చోట్ల నీడ అంటే ఉన్న ఒక్క తుమ్మచెట్టే అయింది.

గంటకు లీటరున్నర మించి ఒట్టి నీరు తాగడమూ మంచిది కాదు, రక్తంలో ఉప్పు పలుచబడుతుంది. రెండు గంటలకు మించిన పనిలో ఉప్పు కలిపిన మజ్జిగ, జొన్న అంబలి, గంజి శ్రేష్ఠం. ఓఆర్‌ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. చక్కెర జబ్బు, రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు, చక్కెరల విషయం వైద్యుణ్ని అడగాలి. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రం ద్వారా నీటిని బయటకు పంపుతాయి. అలాగని సొంతంగా మాత్ర మానరాదు. వేసవి రాకముందే వైద్యుణ్ని కలవాలి.

మూత్రం రంగు చూసుకోవడం ఖర్చులేని పరీక్ష. గడ్డి రంగులో ఉంటే నీరు చాలినట్టు. ముదురు పసుపు దాటితే చాలనట్టు.

జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకం ఊళ్లలో బలంగా ఉన్నది. జేబులోని ఉల్లి శరీరాన్ని చల్లబరచదు. అంబలిలో నంజుకుంటే రుచి, అంతవరకే. తలకు చుట్టే తెల్లని రుమాలు మాత్రం నిజంగా పనికొస్తుంది, తడిపి చుట్టుకుంటే మరీ మంచిది. చేతులు కప్పే వదులైన నూలు చొక్కా ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. చొక్కా విప్పి పని చేయడం చల్లదనమన్నది భ్రమే.

పని వేళల విషయంలో అడవి బిడ్డలు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతిని గమనించాలి. తునికాకుకు వెళ్లే వారు తెల్లవారుజామునే అడవి చేరతారు. ఎండ ముదరకముందే ఆకుతో ఇంటికి తిరిగి వస్తారు. మధ్యాహ్నం నీడలో కూర్చుని 50 ఆకులకు ఒకటి చొప్పున కట్టలు కట్టి సాయంత్రం కల్లంలో అప్పగిస్తారు. ఇప్పపువ్వు ఏరడమూ వేకువనే. శ్రమ ఎక్కువైన పని చల్లని వేళకు, కూర్చుని చేసే పని మధ్యాహ్నానికి.. ఇంతకు మించిన ప్రణాళిక ఏ దస్త్రంలోనూ లేదు.

మాట తడబడితే ఆగవద్దు

ఎండదెబ్బ ఒక్కసారిగా పడదు. ముందు పిక్కలు, పొట్ట కండరాలు పట్టేస్తాయి. తర్వాత తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, విపరీతమైన చెమట. ఈ దశలో నీడకు చేర్చి, కాళ్లు కొద్దిగా ఎత్తి పడుకోబెట్టి, ఉప్పు కలిపిన ద్రవాలు కొద్దికొద్దిగా తాగిస్తే కోలుకుంటారు. ఆ రోజు మళ్లీ పనిలోకి దింపరాదు.

మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బ. శరీరం లోపల 40 డిగ్రీలు దాటిందని అర్థం. ఒళ్లు పొడిబారితేనే వడదెబ్బ అన్నది పూర్తిగా నిజం కాదు. పని చేస్తూ పడిపోయిన వారికి చెమట పడుతూనే ఉండవచ్చు. 108కు ఫోన్ చేయాలి. అయితే వాహనం వచ్చేదాకా చేతులు కట్టుకుని చూడరాదు. వెంటనే చల్లబరచాలి. బావి దగ్గరి నీటి తొట్టి ఉంటే మెడ వరకు అందులో కూర్చోబెట్టి, తల నీట మునగకుండా ఒకరు పట్టుకోవాలి. తొట్టి లేకపోతే, పడిన మనిషి వృద్ధులైతే, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి. చంకలు, మెడ, గజ్జల్లో మంచు ముక్కలు లేదా తడి గుడ్డలు ఉంచాలి. వేడి ఒంటి మీద చన్నీళ్లు పోస్తే ప్రాణం పోతుందన్న భయంతో మన ఊళ్లలో కప్పి పడుకోబెడుతుంటారు. ప్రాణం పోయేది ఆ జాప్యంతోనే. మొదటి అరగంటలో శరీరం ఎంత చల్లబడితే బతికే అవకాశం అంత ఎక్కువ. స్పృహ లేని వారి నోట నీరు పోయరాదు. జ్వరం మాత్రలు ఇక్కడ పని చేయవు.

చలిలో మరో లెక్క

ఎండకు రెండు వారాల్లో అలవాటు పడే ఈ శరీరం చలికి మాత్రం ఆ స్థాయిలో అలవాటు పడదు. వణుకు కొద్దిగా తగ్గడం, చేతులు త్వరగా కొంకర్లు పోకపోవడం వంటి చిన్న మార్పులే తప్ప చలిని నిజంగా తట్టుకునే శక్తి రాదు. చలిలో రక్షణ అంతా బట్టలోనూ, తిండిలోనూ, వేళలోనూ ఉన్నది. ‘మాకు అలవాటే’ అన్న మాట మే నెలలో కొంత నిజం. జనవరిలో అది మొండితనమే.

5 డిగ్రీలంటే హిమాలయాల్లోలా చేతివేళ్లు గడ్డకట్టవు. కానీ తడి, గాలి తోడైతే 10 డిగ్రీలు కూడా ప్రమాదమే. తడి బట్ట పొడి బట్ట కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పొగమంచులో పత్తి ఏరే కూలీల లంగాలు, చీరల అంచులు మోకాళ్ల దాకా మంచుకు తడుస్తాయి. మంచు ఆరిన తర్వాత చేలోకి దిగితే మనిషికి మేలు, పత్తికీ మేలు, తడిసిన పత్తికి మార్కెట్‌లో తేమ పేరిట కోత తప్పదు. ఈ ఒక్క విషయంలో కూలీ, రైతు ప్రయోజనాలు ఒకటే కావడం విశేషం.

గాలి సంగతి ద్విచక్ర వాహనదారులకు బాగా తెలుసు. 10 డిగ్రీల చలిలో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే చర్మానికి అది 6 డిగ్రీల చలిగా తగులుతుంది. వేళ్లు మొద్దుబారితే బ్రేకు పట్టు తప్పుతుంది. ఛాతీకి అడ్డంగా చొక్కా లోపల పాత పత్రిక కాగితాలు పెట్టుకునే పాలవాళ్ల ఉపాయం శాస్త్రసమ్మతమే. కాగితాల మధ్య నిలిచిన గాలి వేడిని బయటకు పోనివ్వదు. ఒక మందపాటి కోటు కంటే రెండు మూడు పలుచని పొరలు మేలనడానికి కారణమూ ఇదే. పని మొదలై ఒళ్లు వేడెక్కగానే ఒక పొర విప్పాలి. చెమటతో తడిస్తే ఆగిన మరుక్షణం చలి పట్టుకుంటుంది. ఒంటికి తగిలే పొర నూలుదైతే మార్చుకోవడానికి మరొకటి వెంట ఉండాలి. కురుమలు నేసే గొంగడి గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. గొర్రె ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, నూలు నిలపదు. కాపరి గొంగడి వానకూ, చలికీ ఒకటే కావడం ఊరికే కాదు.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతర కోసం మెస్రం వంశీయులు జన్నారం మండలంలోని హస్తినమడుగు నుంచి గోదావరి జలాన్ని కాలినడకన తెస్తారు. ఏడాదిలో చలి గట్టిగా ఉండే రోజులవి. ఎక్కువ మంది కలిసి నడవడం, రాత్రి మజిలీలో నెగళ్ల చుట్టూ గుమిగూడడం శరీరపరంగా కూడా సరైనవే. నడుస్తున్నంతసేపు ఒళ్లు వేడిగానే ఉంటుంది. జాగ్రత్త పడవలసింది ఆగిన తర్వాతే.

చలికి మందు చుక్క వెచ్చదనం ఇస్తుందన్నది పెద్ద అపోహ. సారా, మద్యం చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. ఒళ్లు వెచ్చబడినట్టు తోస్తుంది గానీ లోపలి వేడి బయటకు పోతుంది. శరీరం 35 డిగ్రీల కంటే తగ్గితే మాట ముద్దగా రావడం, నడక తడబడడం, మగత కనిపిస్తాయి. అంతవరకు వణికిన మనిషి పొడి బట్ట వేయకుండానే వణకడం ఆపితే తగ్గిందని సంతోషించరాదు, అది చేయి దాటుతున్న సూచన. తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టి, ముందుగా ఛాతీ, వీపు భాగాలను వెచ్చబరచాలి. చేతులు, కాళ్లు గట్టిగా రుద్దరాదు. స్పృహలో ఉంటే తీపి చాయ్ ఇవ్వవచ్చు.

పరుగు తీసే వారికి

పోలీసు నియామకాల్లో 1600 మీటర్ల పరుగు కోసం సాధన చేసే యువకులు ఊరూరా ఉన్నారు. వేసవిలో వీరికి తెల్లవారుజామున 5 గంటలే తగిన సమయం. సాయంత్రం 5 గంటలకు సూర్యుడు వాలినా నేల ఇంకా వేడి కక్కుతూనే ఉంటుంది. పరీక్ష తేదీ ఎండకాలంలో పడితే మాత్రం రెండు వారాల ముందు నుంచి కొంచెం కొంచెంగా ఎండ వేళల్లో పరుగెత్తి శరీరానికి నేర్పాలి, పరీక్ష రోజే తొలిసారి ఎండను చూడరాదు. పరుగుకు ముందు, తర్వాత బరువు తూచుకుంటే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది. కిలో తగ్గితే లీటరు పోయినట్టే.

చలికాలంలో 5 గంటల పట్టుదల సడలించుకోవడం తప్పు కాదు. పది నిమిషాలు నడక, కీళ్ల కదలికలతో ఒళ్లు వేడెక్కించుకున్నాకే పరుగు మొదలుపెట్టాలి. ఉబ్బసం ఉన్నవారు ముక్కుకు, నోటికి రుమాలు కట్టుకుంటే చల్లని పొడి గాలి నేరుగా ఊపిరితిత్తులకు తగలదు. యాభై దాటిన వారు, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు సూర్యోదయం తర్వాతే నడకకు బయలుదేరాలి. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండెపోట్లు చలి ఉదయాల్లో ఎక్కువ కావడానికి అదొక కారణం. దాహం వేయకపోయినా నీరు తాగాలి.

పని ముగించి ఇంటికి చేరిన తర్వాత పొంచి ఉండే ప్రమాదం కుంపటి. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో బొగ్గులు రాజేసి పడుకుంటే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిండుతుంది. అది రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవారికి తెలియను కూడా తెలియదు. పొగ రావడం లేదు గనుక ఫరవాలేదనుకోవడం పొరపాటు, నిప్పు కణికలుగా మారిన బొగ్గు నుంచే ఈ వాయువు వెలువడుతుంది. పడుకునే ముందు కుంపటిని బయట పెట్టాలి. చిన్నపిల్లలు, బాలింతలు ఉన్న గదిలో అసలు ఉంచరాదు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు అనిపిస్తే చలి సంగతి మరిచి తలుపులు తెరిచి, అందరినీ ఆరుబయటకు తెచ్చి 108కు ఫోన్ చేయాలి.